విప్పి కుట్టిన పుస్తకం

తిరుమల,
జూన్ 8.

మామకు కోమలి నమస్కారాలు.

నువ్వు వేలూరు ఆస్పత్రి నుంచి ఇంటికి చేరి నెల దాటింది. ఈ నెలలో నేను ఎన్ని మెసేజీలు పెట్టినా నువ్వు పంపేది ఒకటే, బొటనవేలి బొమ్మ. అన్నం తిన్నావా అంటే బొటనవేలు. మెడ దగ్గర నొప్పి తగ్గిందా అంటే బొటనవేలు. నిన్న పొద్దున "మామా, ఈడ వాన పడతా ఉండాది" అని పెడితే దానికీ బొటనవేలే. చిత్తూరు మండీలో మామిడి గంపల ముందు నిలబడి నువ్వు వేలం పాట ఎత్తుకుంటే రోడ్డవతల టీ అంగడి దాకా వినపడేది. అంత మనిషిని ఒక వేలిలో చూసుకోవడం నావల్ల కావడం లేదు.

అందుకే ఫోను పక్కన పెట్టి ఉత్తరం రాస్తున్నాను. డాక్టర్లు నీ గొంతు తీసేశారు గానీ చేతులు తీసెయ్యలేదు కదా. నువ్వూ రాయి.

దీనితో పాటు ఒక పుస్తకం పంపుతున్నాను. నేనే చేశాను. అట్టకు అంటించిన గుడ్డ నగరి మగ్గాల దగ్గర మిగిలిన ముక్క. లోపలి కాగితాలను టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టాను, ఆ రంగు అందుకే. చీటీ ముక్కల మీద రాసి చూపించి పారేస్తున్నావని నీ స్నేహితుడు ధనశేఖర్ మామ ఫోన్లో చెప్పాడు. నీ మాటలు చెత్తబుట్టలోకి పోవడం నాకు నచ్చలేదు. ఇక మీదట ఇందులో రాయి.

నా పని మామూలే. దర్శనానికి పోయేవాళ్ళ సెల్‌ఫోన్లు తీసుకుని చీటీ ఇవ్వడం, వాళ్ళు తిరిగొస్తే ఫోను చేతిలో పెట్టడం. మా ఆయన బాగున్నారు. పని మీద బెంగళూరు తిరుగుతున్నారు. నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు.

అమ్మా నాయనా పోయాక నాకు పెద్దదిక్కు నువ్వే. అత్త పోయాక ఆ ఇంట్లో నువ్వూ ఒక్కడివే. వేళకు తిను.

నీ కోమలి

*

చిత్తూరు,
జూన్ 21.

చిరంజీవి కోమలికి మామ మునిచంద్ర ఆశీస్సులు.

పుస్తకం చేరింది. ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. పెన్ను పట్టుకుంటే చెయ్యి మండీ చీటీ రాసినట్టు పొట్టి పొట్టి ముక్కలుగా పోతోంది. ఓర్చుకో.

నీ పుస్తకాన్ని మంచం మీద పెట్టుకుని పొద్దంతా చూశాను. చాలా అందంగా ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. అందులో ఏం రాయను? పాలామె వచ్చినప్పుడు 'రేపు అర లీటరు చాలు' అని రాయబోయి పెన్ను వెనక్కి తీసుకున్నాను. పట్టుచీర కట్టుకుని కసువు ఊడ్చినట్టు అనిపించింది.

కాబట్టి ఒక పని చేశాను. కోప్పడకు. దాన్ని విప్పేశాను. బ్లేడుతో అట్ట ఒలిచి, దారం తెగకుండా ఒక్కొక్క ముడీ ఊడదీసి, కాగితాలన్నీ వరసగా పరుపు మీద పరిచాను. గోనెసంచులు కుట్టే దబ్బనం పట్టుకుని పెరిగినవాణ్ణి నేను. ఈ కుట్టు మాత్రం అంతుపట్టలేదు. ఒక మడతలోంచి వచ్చిన దారం కింది మడతను వాటేసుకుని మళ్ళీ పైకి పోతోంది. అదెట్లా పోతోంది? తిరిగి కుట్టాలని చూస్తే పుస్తకం నడుము పట్టేసిన ముసలాడి మాదిరి ఒక పక్కకు వాలిపోతోంది. వివరంగా రాసి పంపు.

వీధిలో మామిడి లారీలు పోతున్నాయి. ఇప్పుడు నా ఊపిరి ముక్కులోంచి కాదు, మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచి పోతుంది. అందువల్ల వాసనలు తెలియవు. లారీ మీద తోతాపురి కాయలు పసుపు తిరిగి ఉన్నాయి, కళ్ళకు కనిపిస్తున్నాయి. ఈ ఏడు మామిడి కాలం నాకు వాసన లేకుండానే వచ్చి పోతోంది.

సునీల్‌కుమార్‌ను అడిగినట్టు చెప్పు.

మామ

*

తిరుమల,
జూలై 5.

మామకు,

నీ ఉత్తరం చదివి మొదట ఏడుపొచ్చింది. ఆ పుస్తకం కుట్టేటప్పుడు సూది ఎన్నిసార్లు వేలిలో దిగిందో నాకు తెలుసు. తర్వాత నవ్వొచ్చింది. నా చేతిపని చూసి బాగుందన్నవాళ్ళు ఉన్నారు. ఎలా చేసిందో చూద్దామని విప్పినవాడివి నువ్వొక్కడివే.

సరే విను. నాలుగైదు కాగితాలు కలిపి మధ్యకు మడిచి ఒక కట్ట చెయ్యి. అలాంటి కట్టలు కొన్ని చేసి, మడత మీద దబ్బనంతో కంతలు పెట్టు. అన్ని కట్టలకూ కంతలు ఒకే చోట పడాలి. లేకపోతే ఎంత కుట్టినా వాలిపోతుంది. దారానికి మైనం పట్టించు. రెండో కట్ట కుడుతూ బయటికి వచ్చినప్పుడల్లా సూదిని మొదటి కట్ట కుట్టు కిందినుంచి పోనిచ్చి లాగు. నువ్వు వాటేసుకోవడం అన్నావే, అదే. గట్టిగా లాగితే కాగితం చినుగుతుంది. అట్ట అంటించడానికి మైదా ఉడకబెట్టి జిగురు చేసుకో. అందులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. అది విషం, చేతులు కడుక్కోవడం మరిచిపోకు.

నేను దీన్ని మొదలుపెట్టింది పోయినేడు వానల్లో. గదిలో ఊరికే కూర్చోలేక ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. చేసిన పుస్తకాల్లో బొమ్మలు వేస్తాను. రంగులు పూస్తాను. బస్సు టికెట్టో, పూలు కట్టి ఇచ్చిన కాగితమో నచ్చితే అంటిస్తాను. ఆర్ట్ జర్నల్ అంటారట దీన్ని. నావి ఎక్కువగా చేతుల బొమ్మలే. కౌంటరు కిటికీలోంచి నాకు ముందు కనిపించేవి అవే. గోరింటాకు పెట్టుకున్నవి, గాజులు బిగుసుకుపోయినవి, వేరుశనక్కాయలు వలిచి వలిచి గోళ్ళు అరిగినవి. ముఖాలు గుర్తుండవు. గదికి వచ్చాక చేతులు గుర్తొస్తాయి, వాటిని వేస్తాను.

కొండ మీద తోడు లేదంటే ఎవరూ నమ్మరు. ఇంత జనంలో ఏం తోడు కావాలంటారు. కానీ ఈ జనమంతా వెళ్ళిపోవడానికి వచ్చినవాళ్ళే మామా. తిరిగిచ్చిన ఫోను పట్టుకుని వాళ్ళు మొదట చేసే పని ఇంటికి ఫోన్ చెయ్యడం. "దర్శనం బాగా అయింది, బయల్దేరతా ఉండాము" అంటారు. రోజంతా అదే మాట వింటాను.

కుట్టు కుదిరిందో లేదో రాయి.

కోమలి

*

చిత్తూరు,
ఆగస్టు 17.

చిరంజీవి కోమలికి,

కుదిరింది. మొదటిది పాడైంది, జిగురు పల్చనై అట్ట చేప పొలుసు మాదిరి లేచింది. రెండోదానికి చీమలు పట్టాయి. నువ్వు చెప్పిన మైలుతుత్తం వెయ్యడానికి భయపడ్డాను, అందుకే. తర్వాత నీ పుస్తకాన్నే తిరిగి కుట్టాను. ఇప్పుడు నిటారుగా నిలబడుతోంది. దాని పక్కన నేను కొత్తగా చేసినవి ఉన్నాయి. ఇంట్లో పాత పెళ్ళిపత్రికలు, క్యాలెండర్లు అన్నీ అయిపోయాయి. మీ అత్త పాత చీరలు అట్టలకు వాడాను. ఆమె ఉండుంటే నా వీపు పగిలేది.

పొద్దు తొందరగా పోతోంది. మైనం రుద్దేటప్పుడు చెయ్యి దాని దారిన అది పోతుంటుంది, బుర్రలో ఏమీ ఉండదు. ఆ కాసేపూ నాకు మాట లేదన్న సంగతి గుర్తుకు రాదు.

పోయిన వారం ధనశేఖర్ వచ్చాడు. ఆపరేషనుకు ముందు రోజూ సాయంత్రం వచ్చేవాడు, ఈ మధ్య రావడం తగ్గించాడు. నేనేమో నేను చేసిన పుస్తకం ఒకదాంట్లో రాసి చూపించాను. వాడు అద్దాలు తెచ్చుకోలేదు. దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. "ఏం రాసినావప్పా, కనపడలేదే" అన్నాడు. నేను మళ్ళీ పెద్దగా రాశాను. అంతలో వాడు వేరే మాటలోకి వెళ్ళిపోయాడు. నేను రాయడం పూర్తయ్యేసరికి ఆ మాటకు కాలం చెల్లిపోయింది. ఇట్లా రెండు మూడు సార్లయ్యాక ఇద్దరం వీధిలోకి చూస్తూ కూర్చున్నాం. లేచి వెళ్తూ నా భుజం తట్టాడు. చావింట్లో తట్టినట్టు తట్టాడు. వాడి తప్పేం లేదు. ఇద్దరు మనుషుల నడుమ మాటలు ఎంత పరుగు మీద నడుస్తాయో ఇన్నాళ్ళూ నేను గమనించలేదు.

గొంతుకు ఆనించుకుని మాట్లాడే మిషను ఒకటి ఆస్పత్రిలో ఇచ్చారు. ఒకసారి పెట్టి చూశాను. డబ్బాలో కందిరీగ దూరినట్టు ఉంది. బీరువాలో పెట్టేశాను. వీధిలోకి పోవడం లేదు. మెడ మీది గుడ్డ చూసి అందరూ ఆగిపోతారు.

ఇంకొక మాట. నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టి చదివాను. మొదటి దాంట్లో సునీల్ సంగతి ఒక ముక్క ఉంది. రెండో దాంట్లో అదీ లేదు. ఏమైనా ఉంటే చెప్పు. చెప్పకూడదనుకుంటే వద్దు.

మామ

*

తిరుమల,
సెప్టెంబరు 19.

మామకు,

బ్రహ్మోత్సవాలు దగ్గరపడ్డాయి. ఊపిరాడడం లేదు. నీ ఉత్తరానికి ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ఏమనుకోకు.

మేము బాగున్నాం. నువ్వు లేనిపోనివి మనసులో పెట్టుకోవద్దు. ఆయనకు పని ఎక్కువ, నాకు పని ఎక్కువ, అంతే.

కాగితాలు కొన్ని పంపుతున్నాను. మందంగా ఉన్నవి రంగులు వెయ్యడానికి పనికొస్తాయి.

కోమలి

*

చిత్తూరు,
అక్టోబరు 24.

చిరంజీవి కోమలికి,

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నా ఇంట్లో నీ గురించి జరిగిన మాటలు నీకు తెలియకుండా ఉండడం న్యాయం కాదనిపించి రాస్తున్నాను.

మొన్న ఆదివారం పాకాల నుంచి మీ మామగారు తులసీరాం, మీ అత్తగారు వచ్చారు. వెంట సునీల్ ఉన్నాడు. తులసీరాం నా చెవి దగ్గరికి వంగి, "మునిచంద్రప్పా, బాగుండావా" అని గట్టిగా అరిచాడు. నేను తలూపాను. కూర్చోమన్నాను. కాఫీ పెట్టడానికి లోపలికి పోయాను. మధ్యన ఉన్నది ఒక గోడే. వాళ్ళు గొంతు తగ్గించలేదు. కాఫీ ఇచ్చి నేను ఎదురుగా కూర్చున్నాక కూడా తగ్గించలేదు.

మీ అత్తగారు కొడుకుతో అనింది: "కాట్పాడిలో ఆ పిల్లకు నెలలు నిండే లోపల ఇది తేల్సుకోవల్ల. పుట్టేబిడ్డకు పేరుండల్ల గదా. కొండమింద ఉద్యోగం ఇడిసిపెట్టలేదు, కాపరం ఆయమ్మే సెడగొట్టుకునింది అని ఈయనతో సెప్పి, కోమలిని ఇడాకుల కాయితంమింద సంతకం పెట్టమని రాయిస్తాం."

తులసీరాం అన్నాడు: "ఈయనకు ఇనిపిస్తా ఉండాదేమోనే."

దానికామె, "నోరు లేనోడికి ఇంక ఏం ఇనిపిస్తాది" అనింది.

సునీల్ కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉన్నాడు.

నేను లేచి నీ పుస్తకం తెచ్చాను. తిరిగి కుట్టానన్నానే, అది. ఇన్నాళ్ళూ అందులో ఒక్క అక్షరం రాయడానికి చెయ్యి రాలేదు. మొదటి పేజీ తెరిచి పెద్ద అక్షరాలతో రాశాను: 'నేను మూగవాణ్ణి. చెవిటివాణ్ణి కాదు.' సునీల్ ముందు పెట్టాను. వాడు చదివి తల్లికి చూపించలేదు, చేత్తో మూసేశాడు. తులసీరాం దాన్ని లాక్కుని చదివాడు. ఆయన మొహం నల్లబడింది. "తప్పయిపాయప్పా" అన్నాడు. నేను పేజీ తిప్పి, 'చెప్పేదేదో కోమలితో చెప్పండి' అని రాసి, తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళు వెళ్ళిపోయారు.

అంతే జరిగింది. సంతకం పెట్టమని గానీ పెట్టొద్దని గానీ నేను అనను. నీ కాపురం నీది. నువ్వు ఇన్నాళ్ళు ఏమీ చెప్పలేదని నాకు కోపం లేదు. ఒంటరిగా మోశావే అన్న బాధ ఉంది.

మామ

*

తిరుమల,
నవంబరు 11.

మామకు,

ఇంకొకరు ఉన్నారని నాకు తెలుసు. బిడ్డ సంగతి తెలియదు. నీ ఉత్తరంలోనే తెలిసింది. ఉత్తరం పట్టుకుని డ్యూటీకి పోయాను. ఆ రోజు ఒకరి ఫోను ఇంకొకరికి ఇచ్చేశాను. ఎప్పుడూ అట్లా జరగలేదు. ఆ ఫోను మనిషి తిట్టాడు. పక్కన ఉన్న హేమశ్రీ వెళ్ళి రెండోవాణ్ణి వెతికి తీసుకొచ్చింది.

ఆయన పోయి ఏడాదిన్నర అవుతోంది. గొడవేం జరగలేదు. పాకాల పోయొస్తానని పోయి రాలేదు. మొదట్లో ఫోను ఎత్తేవాడు. తర్వాత అదీ లేదు. నీకు చెబుదామనుకునే లోపల నీ గొంతులో గడ్డ బయటపడింది. ఆపరేషను అన్నారు. అప్పుడు చెప్పలేకపోయాను. ఆ తర్వాత చెప్పకపోవడమే అలవాటైపోయింది.

నీకు ఇంకొకటి చెప్పాలి, నవ్వకు. క్వార్టర్సులో చుట్టుపక్కల వాళ్ళు అడుగుతారని వారానికొకసారి ఆయన చొక్కాలు తడిపి తీగ మీద ఆరేస్తూ వచ్చాను. ఎవరూ తొడగని చొక్కాలు. ఆరినాక మడతపెట్టి పెట్టెలో పెట్టడం, మళ్ళీ తీసి తడపడం. నీలం చొక్కా ఒకటి ఉతికి ఉతికి రంగు పోయింది. పక్కింటామె ఒకరోజు "మీ ఆయన చొక్కాలన్నీ ఆ మూడేనా" అని అడిగింది. నేను నవ్వాను. ఆమెకు ఎప్పుడో తెలిసిపోయిందని నాకు అప్పుడే అర్థమైంది. అయినా మానలేదు.

నీ ఉత్తరం వచ్చిన మరునాడు మానేశాను.

సంతకం పెడతాను. వాళ్ళు చెప్పే కారణానికి మాత్రం ఒప్పుకోను. ఇద్దరి ఇష్టం మీద విడిపోతున్నామని ఉంటే చాలని లాయరుతో చెప్పాను. చిత్తూరు కోర్టులోనే. వాయిదా రోజు తెలియగానే రాస్తాను. నువ్వు రావాలి మామా. వీధిలోకి పోవడం లేదన్నావు, తెలుసు. అయినా అడుగుతున్నాను. మాట్లాడాల్సిన పని లేదు. అక్కడ మాట్లాడేవాళ్ళు చాలామంది ఉంటారు. నా పక్కన కూర్చునేవాళ్ళు కావాలి.

కోమలి

*

చిత్తూరు,
ఫిబ్రవరి 6.

చిరంజీవి కోమలికి,

కోర్టు రోజున నిన్ను తిరుపతి బస్సెక్కించాక నేనేం చేశానో నీకు రాయలేదు. ఇంటికి పోబుద్ధి కాలేదు. నడుచుకుంటూ మండీ దాకా పోయాను. దారిలో జనం నా మెడ చూశారు. చూడనీ అనుకున్నాను. సంతకం పెట్టే ముందు నువ్వు నా చేతిని పట్టుకున్నావు. పెట్టాక వదిలేసి నిటారుగా కూర్చున్నావు. అది కళ్ళ ముందు ఉండగా నాకు నా మెడ పెద్ద విషయంగా అనిపించలేదు. మండీలో కాయ లేదు, తట్టలు బోర్లించి ఉన్నాయి. ధనశేఖర్ టీ తెప్పించాడు. మాటలేం లేవు. ఈసారి అది అంత బరువుగా లేదు.

ఇప్పుడు నీతో పనిబడింది. పోయిన వారం చెకప్‌కు వేలూరు పోయాను. నేను చేసిన పుస్తకాలు రెండు మూడు సంచిలో పెట్టుకుపోయాను. కొత్తగా గొంతు ఆపరేషను అయినవాళ్ళు అక్కడ బెంచీల మీద కూర్చుని ఉంటారు, నేను మునుపు కూర్చున్నట్టే. చేత్తో గాలిలో రాస్తూ ఉంటారు, ఎదుటివాళ్ళకు అర్థం కాదు. అట్లాంటివాళ్ళకు ఇద్దామని.

జయరావు అని నగరి మనిషి, మరమగ్గాల మీద బతికినవాడు, భార్యతో వచ్చి కూర్చున్నాడు. నా మెడా వాడి మెడా చూసుకుని ఇద్దరం దండాలు పెట్టుకున్నాం. పుస్తకం, పెన్ను చేతిలో పెట్టాను. అట్టను తిప్పి తిప్పి చూశాడు. గుడ్డను వేలితో నిమిరాడు. నేతవాడు కదా, నూలు లెక్క కట్టి ఉంటాడు. నేను ఇచ్చినందుకు ఏదైనా మంచిమాట రాస్తాడేమోనని చూస్తూ ఉన్నాను. ఒకే ముక్క రాసి నా వైపు తిప్పాడు.

'మా ఇంటామెకు చదువు రాదు.'

ఆమె పేరు అక్కమ్మ. పక్కనే కూర్చుని ఉంది. ఆయన ఏం రాశాడో తెలియక నా మొహంలోకి చూస్తోంది. "ఏమని రాసినాడన్నా" అని నన్నే అడిగింది. నేనేం చెప్పను? నాకూ నోరు లేదు. ముగ్గురం అట్లా కూర్చుండిపోయాం కోమలీ. ఇన్ని పుస్తకాలు కుట్టి కుట్టి, చదవలేని మనిషి ఒకరు ఉంటారని నా బుర్రకు తట్టలేదు.

నీకు బొమ్మలొచ్చు. సెలవు చూసుకుని ఒకసారి నగరి పోయిరా. వాళ్ళ ఇంటి గుర్తులు వెనక రాశాను. నేనే పోయేవాణ్ణి, కానీ మగ్గాల వీధిలో నూలు దుమ్ము గాలిలో ఉంటుంది, మెడ రంధ్రంలోకి పోతే ప్రమాదమన్నారు. జయరావును కూడా మగ్గం దగ్గరికి పోవద్దన్నారట.

మామ

*

తిరుమల,
మార్చి 3.

మామకు,

నగరి పోయొచ్చాను. తిరుపతిలో బస్సెక్కి దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు. ఇంటింటా అదే. జయరావు ఇంట్లో మాత్రం మగ్గానికి దుప్పటి కప్పి ఉంది. ఆయన వెనక వసారాలో, గాలి తగలని చోట, ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. నీ పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు.

అక్కమ్మకు నీ పుస్తకం నచ్చిందట. పసుపు రాసి దేవుడి పటం దగ్గర పెట్టింది. కిందికి దించడానికే కొంతసేపు బతిమాలాల్సి వచ్చింది. "ఇది రాసేదానికమ్మా, మొక్కేదానికి కాదు" అంటే, "రాసేది నాకు రాదు గదా తల్లీ, మొక్కేదే వస్తాది" అనింది.

ముగ్గురం కూర్చున్నాం. పేజీకొక బొమ్మ వేశాను. నీళ్ళు, కూడు, మాత్రలు. నొప్పికి మెడ వేసి ఎర్ర రంగు పూశాను. నిద్ర రాలేదనడానికి తెరిచిన కన్ను. నేను వేసిన ప్రతిదీ జయరావు ముందు చూస్తాడు, తలూపుతాడు, తర్వాత ఆమె చూస్తుంది. కొన్ని ఆమె ఒప్పుకోలేదు. నేను వేసిన కూడు హోటలు ప్లేటులాగా ఉందట, తమ ఇంట్లో తినే సత్తు తట్ట తెచ్చి ముందర పెట్టింది. దాన్ని చూసి మళ్ళీ వేశాను. ఇన్నాళ్ళూ నాకోసం బొమ్మలు వేసుకున్నాను మామా. ఒకరు పక్కన కూర్చుని ఇది బాగలేదు, అది మార్చు అంటుంటే వెయ్యడం వేరేగా ఉంది.

సాయంత్రం అయింది. ఇక బయల్దేరదామని రంగులు సర్దుతుంటే అక్కమ్మ పుస్తకాన్ని మొదటి నుంచి తిప్పింది. చివరిదాకా పోయి, మళ్ళీ మొదటికి వచ్చింది.

"అన్నీ యేసినావు గానీ తల్లీ, నన్ను తిట్టేదానికి బొమ్మ యాడ ఉండాది?" అనింది.

నాకు అర్థం కాలేదు.

"పెండ్లయిన కాన్నించి ఈయన నన్ను తిట్టని పూట లేదు. ఉప్పు ఎక్కువైతే తిట్టినాడు, తక్కువైతే తిట్టినాడు. నేనూ ఊరకుండలేదు, ఒకటంటే రెండు అనినాను. ఇప్పుడు ఏం పెట్టినా తినేసి సెయ్యి కడుక్కుంటా ఉండాడు. మొన్న పులుసులో ఉప్పే యెయ్యలేదు నేను, కావాలనే. తినేసి లేసిపాయె. నాకు ఆ పూట కూడు దిగలేదు. తిట్టు లేకుంటే ఇల్లు ఇల్లు మాదిరి లేదమ్మా. ఒక బొమ్మ యెయ్యి."

మొదట కోపంగా ఉన్న మొహం వేస్తే ఆమె తల అడ్డంగా ఊపింది, "ఈయన మొగం ఇట్లుండదు" అనింది. చివరికి పెన్సిలు తనే అందుకుంది. జీవితంలో ఎప్పుడూ పట్టలేదట. నాగలి పట్టినట్టు పట్టుకుంది. వంకర గీతలతో ఒక చెంబు వేసింది, తలకిందులుగా. కోపమొస్తే ఆయన చెంబును నేలమీద ఠక్కున బోర్లిస్తాడట.

జయరావు చూశాడు. ఆయన భుజాలు ఊగాయి. చప్పుడు లేదు గానీ నవ్వుతున్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, పుస్తకం లాక్కుని, ఆ పేజీ మీద వేలు పెట్టి ఆమె వైపు చూపించాడు. ఒకసారి కాదు, మూడుసార్లు పొడిచాడు. ఉప్పు లేని పులుసు సంగతి గుర్తుంచుకున్నట్టున్నాడు.

"వచ్చినాడు సూడు. ఇంతసేపూ యాడ పొయినాడో" అని ఆమె ఎత్తుకుంది. ఇక ఆగలేదు. పాతవన్నీ తవ్వి పోసింది. ఆయన చెంబు మీద వేలితో కొట్టడం, ఆమె ఇంకో మాట అనడం. నేను ఉన్నానన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నా పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఏమీ వెయ్యలేదు. గదికి వచ్చి తాళం తీస్తుంటే అనిపించింది, నన్ను ఎవరైనా తిట్టి చాలా రోజులైంది. కౌంటరు దగ్గర జనం తిడతారు, అది లెక్కలోకి రాదు. ఇప్పుడు నేను వేళకు తిన్నానా లేదా, చలిలో తలకు గుడ్డ కట్టుకున్నానా లేదా అని కోప్పడేవాళ్ళు లేరు. నువ్వు మంచివాడివైపోయి ఉత్తరాల్లో అంతా మర్యాదగా రాస్తున్నావు.

ఈసారి నన్నొకసారి తిట్టు మామా.

కోమలి

*

చిత్తూరు,
మార్చి 9.

ఏమే కోమలీ,

నీకు బుద్ధి ఉండాదా లేదా? ఎండలో నగరికి పొయినావే, గొడుగు పట్టుకొని పొయినావా? ఆడ అంత పొద్దు కూసున్నావు, వాళ్ళింట్లో ఒక ముద్ద తిన్నావా, లేక రంగులు పూసుకుంటా పస్తు ఉండి వచ్చినావా? ఆ సంగతి ఒక్క ముక్క రాయలేదు. పొద్దుగూకినాక ఒక్కదానివే బస్సులో వచ్చినావు, గది చేరినానని ఒక మెసేజీ పెట్టేదానికి నీ చేతులు ఇరిగినాయా? ఈడొకడు ఉండాడు, వాడికి నోరు లేదు గానీ ప్రాణం ఉండాది అని తెలియదా నీకు?

ఏడాదిన్నర. ఏడాదిన్నర ఆ చొక్కాలు పిండినావు. చన్నీళ్ళలో, కొండమింది చలిలో. నీకు తడిపేదానికి ఇంకేం దొరకలేదా? చెప్పింటే నేను వచ్చి ఆ తీగ తెంచి పారేసుండనా? ఎవురికి భయపడినావు? నాకా? చిన్నప్పుడు నా భుజాలమింద కూసొని మండీ అంతా తిరిగినదానివి, నా జుట్టు పట్టుకొని ఈ పక్కకు తిప్పు, ఆ పక్కకు తిప్పు అని పెత్తనం చేసినదానివి, అంత పెద్దదానివి ఎప్పుడైపొయినావే, నాకు చెప్పకుండా ఏడ్చేంత?

వచ్చే సెలవుకు రావల్ల. రాలేను, పనుండాది అని రాసినావంటే నేనే కొండెక్కి వస్తాను. కౌంటరు దగ్గర వరసలో నిలబడతాను. అప్పుడు అందరి ముందర నీకు సిగ్గు.

ఉప్పు తక్కువ వండినా తింటాను, వచ్చి వండిపెట్టి పో. మిగతా తిట్లు నువ్వు ఎదురుగా కూసున్నాక.

మామ